ఆపిల్ పై – మిరియాల ఘాటు

క్రిస్మస్‌నాడు పొరుగింటివారు పంపిన ఆపిల్ పైని మా అత్తగారు ముట్టలేదు. “దొరల వంట! గుడ్డు పడకుండా ఉంటుందా?” అన్నారు. నిజానికి దీనికి గుడ్డు అక్కరలేదండీ. మన కజ్జికాయకు దూరపు చుట్టం. మరునాడు ఆవిడ కళ్లయెదుటే చేశాను.

200 గ్రాముల మైదాలో 100 గ్రాముల గట్టి వెన్న, చిటికెడు ఉప్పు వేసి వేళ్లకొనలతో పొడిపొడిగా కలపాలి. చన్నీళ్లు చిలకరించి, ముద్దచేసి అరగంట ఉంచాలి. అరచేత్తో మర్దించారో, చెక్కలా బిగుస్తుంది!

నాలుగు పుల్లని ఆపిల్ పళ్లు తరిగి, పావుకప్పు పంచదార, నిమ్మరసం వేసి నీరు ఇంకేదాకా మగ్గించండి. ఇది మానితే అడుగు పిండి నానిపోతుంది. నేను మొదటిసారి చేసినది అలాగే పాడయింది. చల్లారాక అరచెంచా మిరియాలపొడి, అంతే శొంఠిపొడి, దంచిన లవంగాలు రెండు కలపండి.

ఇంగ్లీషు వంటలో మిరియాలేమిటంటారా? మా డోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారు కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ చూడండి. 1939లో ప్రతిష్ఠ జరిగింది. చర్చికి మండపస్తంభాలూ, గుమ్మటాలూ నప్పలేదా?

వెన్న రాసిన పళ్లెంలో సగం పిండి వత్తి పరచి, ఆపిల్ ముక్కలు నింపి, మిగతా పిండి వత్తి కప్పండి. ఆవిరి పోవడానికి నాలుగు గాట్లు పెట్టండి. ఇసుక పోసి కాచిన మందపాటి గిన్నెలో దింపి, మూతమీద నిప్పులు వేస్తే ముప్పావుగంట. ఓవెన్ ఉన్నవారికి 200 డిగ్రీలు.

అత్తగారు రెండో ముక్కకు చేయి చాచి, “శొంఠి ఇంకాస్త పడాలే” అన్నారు.