మామ్మ మోకరించిన చోటు

అపొస్తలుడైన పౌలు చెరసాల నుంచి యువ సేవకుడైన తిమోతికి రాసిన రెండవ పత్రికలో ఒక వృద్ధురాలిని పేరు పెట్టి తలచుకున్నాడు. ఆమె తిమోతి అవ్వ లోయి. ఆమె ప్రసంగాలు చేసినట్లు గానీ, అద్భుతాలు చేసినట్లు గానీ బైబిల్లో ఎక్కడా లేదు. కపటం లేని విశ్వాసం మొదట ఆమెలో, తర్వాత తల్లి యునీకేలో, ఆ పైన తిమోతిలో ఉందన్నదే పౌలు ఇచ్చిన సాక్ష్యం (2 తిమోతి 1:5).

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల క్రైస్తవ కుటుంబాలకు ఇలాంటి లోయిలు కొత్త కాదు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ ప్రారంభించారు. బాపట్లలో బాప్టిస్టు మిషన్ సేవ చేసింది. మిషనరీల పేర్లు చరిత్రలో ఉన్నాయి. వారు చెప్పిన సువార్తను ఇంట్లో నిలబెట్టిన మామ్మల పేర్లు మాత్రం సమాధి రాళ్ల మీద తప్ప మరెక్కడా లేవు.

ఆ తరం మామ్మను మనమందరం ఎరుగుదుం. చదువు రాకపోయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఆమెకు నోటికి వచ్చు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుని కోసం వేరే తీసి, ఆదివారం గుడికి తెచ్చేది. సాయంత్రం మనవణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని బైబిలు చదివించుకునేది. వినడం ఆమె వంతు, నేర్చుకోవడం వాడి వంతు. తెల్లవారుజామునే మంచం పక్కన మోకరించి కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలందరి పేర్లూ దేవునికి చెప్పేది. ఏ మనవడికి పరీక్షలో, ఏ మనవరాలికి నెలలు నిండాయో ఆమె ప్రార్థన వింటే తెలిసిపోయేది.

1977 నవంబరు 19న ఉప్పెన ఈ తీరాన్ని ముంచెత్తినప్పుడు అయినవాళ్లను పోగొట్టుకుని కూడా ప్రార్థన మానని తల్లులున్నారు. ఎందుకిలా చేశావని దేవుణ్ణి అడగక కాదు. అడుగుతూనే, ఏడుస్తూనే మోకరించారు.

అలాంటి మామ్మ ప్రభువు పిలుపు అందుకున్నాక జ్ఞాపకార్థ కూడిక ఘనంగా జరుపుతాం. ఫ్లెక్సీ కడతాం, భోజనాలు పెడతాం, మంచి సాక్ష్యాలు చెబుతాం. తర్వాత ఇంటికి తాళం పడుతుంది. ఆమె బైబిలు బీరువాలోకి వెళుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు అసలు లోటు తెలుస్తుంది. మన పేరు దేవునికి చెప్పే ఆ గొంతు ఇక లేదు.

పొలాన్ని కొలిచి పంచుకోవచ్చు, బంగారాన్ని తూచి పంచుకోవచ్చు. విశ్వాసం అలా వాటాకు రాదు. అందుకే పౌలు అవ్వను గుర్తుచేసి ఊరుకోలేదు. ఆ వెంటనే, నీలో ఉన్న దేవుని వరాన్ని మళ్లీ రాజేసుకోమని తిమోతిని హెచ్చరించాడు. అవ్వ పొయ్యిలో నిప్పు దాచి వెళ్లింది. ఊదవలసినవాడు మనవడే.

సమాధుల పండుగనాడు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మంచిదే. కానీ అక్కడ ఆమె కోసం మనం చేయగలిగింది ఏమీ లేదు. ఆమె ప్రభువు చెంత విశ్రాంతిలో ఉంది. చేయవలసింది మన ఇంట్లోనే ఉంది. తెనాలిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఈ రాత్రి ఆమె బైబిలు బయటకు తీసి ఒక అధ్యాయం పిల్లల చేత చదివిద్దాం. రేపు తెల్లవారుజామున వారి పేర్లు ఒక్కొక్కటిగా దేవునికి చెబుదాం. మామ్మ మోకరించిన చోటు ఖాళీగా ఉండకూడదు.