ప్లాంక్టన్ లెక్కకు ఒక కట్టుబాటు కావలయును

ధాన్యము తూచునప్పుడు కాటా సరిగా లేనిచో రైతు ఊరకుండడు. కాని కైకలూరు, మండవల్లి ప్రాంతముల చేపల చెరువులకును, కృత్తివెన్ను, నాగాయలంక దిక్కున రొయ్యల చెరువులకును పరీక్షాశాలలు వ్రాసియిచ్చు ప్లాంక్టన్ సంఖ్యను ఏ విధమున కట్టిరని అడుగువారు అరుదు. ఎరువు వేయుటయో మానుటయో ఆ సంఖ్యను బట్టియే కదా!

నీటిలో తేలియాడు ఈ సూక్ష్మజీవులే బొచ్చె వంటి చేపలకు మేత. ఇవి తక్కువైనచో చేప ఎదగదు. వీనియందలి నాచుజాతులు పగలు ప్రాణవాయువును విడుచును, రాత్రి పీల్చును. అవి మితిమీరినచో తెల్లవారుజామున చేపలు పైకి తేలి గుటకలు వేయును. కావున లెక్క తప్పినచో నష్టము రైతుదే.

తప్పు మొదట నీరు పట్టుటయందే దొరలును. గాలి తోసికొనిపోవు గట్టున నీలి-ఆకుపచ్చ నాచు మేటవేయును. అచ్చట సీసా ముంచినచో లెక్క మిక్కిలి హెచ్చును. నాలుగైదు చోట్ల, పైపొర విడిచి, ప్రతిసారియు ఒకే వేళకు నీరు పట్టి కలుపవలయును. వెంటనే పలుచని తేనీటి రంగు వచ్చువరకు లూగాల్ అయోడిన్ చుక్కలు వేయవలయును. లేనిచో దారిలోనే కొన్ని జీవులు నశించును.

రెండవ తప్పు సూక్ష్మదర్శిని క్రింద జరుగును. సెడ్జివిక్-రాఫ్టర్ పలకలో 1 మిల్లీలీటరు నీరు పట్టును. దాని అడుగున 1000 గళ్లుండును. తొందరలో కొలది గళ్లను మాత్రమే చూచి మొత్తమునకు హెచ్చవేయుదురు. ఇట్టి లెక్కలోని ప్రమాదమును డబ్లిన్ నగరపు గిన్నెస్ బీరు కార్ఖానాలో పనిచేసిన గోసెట్ అను గణితజ్ఞుడు, ఈస్టు కణముల విషయమున, 1907లో చూపెను. ఆ సూత్రము చొప్పున 25 జీవులను లెక్కించినచో నిజసంఖ్య ఇంచుమించు 15కును 35కును నడుమ ఉండవచ్చును. 100 లెక్కించినచో 80కును 120కును నడుమ. అట్లగుటచే ఒకమారు 25, మరియొకమారు 35 వచ్చినంతనే మేత పెరిగినదని ఎరువు మానుట తొందరపాటు. గుత్తులుగానుండు మైక్రోసిస్టిస్ వంటి నాచునకు పొరపాటు ఇంకను హెచ్చు.

ఇంత జాగ్రత్తకు కాలము పట్టును, రుసుము పెరుగునని కొందరందురు. నిజమే. సెక్కి పలకను నీటిలోనికి దింపి, అది కనుమరుగగు లోతును చూచుకొన్న చాలదా యనియు అడుగుదురు. దినదినమును చూచుకొనుటకు అది మంచిదే. కాని కాలువకు క్రొత్తనీరు వచ్చినప్పుడు పలకను మరుగుపరచునది బురద. దానిని మేతయని భ్రమింతుము. 100 జీవులవరకైనను లెక్కించుటకు పట్టు అదనపు కాలము, చెరువెడు చేపల నష్టము ముందర ఏపాటిది?

కావున మన సంఘము తాను నీరు పంపు ప్రతి పరీక్షాశాలను నాలుగు సంగతులు వ్రాసి యిమ్మని కోరవలయునని నా మనవి: నీరు ఎచ్చట, ఏ వేళ పట్టిరి; ఎన్ని మిల్లీలీటర్లను ఎంతకు తేర్చిరి; ఎన్ని గళ్లలో ఎన్ని జీవులను చూచిరి; గుత్తిని ఒకటిగా లెక్కించిరా, కణములను విడివిడిగానా. నూరు మిల్లీలీటర్లను పదికి తేర్చి ఆ మాట మరచినచో లెక్క పదిరెట్లు తప్పును గదా!

కాటా చూడక ధాన్యము అమ్మని రైతు, గళ్ల సంఖ్య చూడక ఈ లెక్కను నమ్మకుండుగాక.