కొలిచేటోళ్ల చేతిలో ఏముందో మనకూ తెలవాలె

నేను గార్ల మండలంలోని ఒక తండా పిల్లను. హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మన గ్రూపుల ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్ల ముచ్చటే ఉంటది. నేను ఇయ్యాల అరచేతిలో పట్టే ఒక పరికరం గురించి రాస్తున్న. పొడుగు పోస్టు, జర ఓపికతో చదవండి.

ఆ పరికరం కాంపస్. జామెట్రీ బాక్సులో గుండ్రం గీసేది కాదు, దిక్కు చూపేది. అందులో కూడా కంటికి దగ్గర పెట్టుకుని గురి చూసే రకం. దాని మూతలో వెంట్రుకంత సన్నని గీత ఉంటది. ఆ గీతను దూరంగా ఉన్న చెట్టుకో, గుట్ట కొనకో కలిపి, ఇవతలి వైపున్న పట్టకంలోంచి చూస్తే ఒక అంకె కనపడ్తది. ఉత్తరం సున్నా, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. ఆ అంకెనే బేరింగ్ అంటరు. ఈ పట్టకం కాంపస్‌కు లండన్‌లో ష్మాల్కాల్డర్ అనే ఆయన 1812లో పేటెంట్ తీసుకున్నడు. అంటే రెండు వందల ఏండ్ల పాత సామాను. నేను మొదటిసారి దాన్ని ఎన్‌సీసీ క్యాంపుల మ్యాప్ రీడింగ్ క్లాసులో పట్టుకున్న.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రతి తండాలో, ప్రతి గూడెంలో కనీసం ఇద్దరు పిల్లలకు ఈ కాంపస్ పట్టడం, దాంతోని చేను గీయడం రావాలె. ఎందుకో మా ఇంటి సంగతితోనే చెప్త.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా పోడు చేను కొలవడానికి మనుషులు వచ్చిండ్రు. చేతిలో ఫోన్ పట్టుకుని చేను చుట్టూ నడిచిండ్రు. పొద్దు గూకుతున్నది. వాగు వైపు మూలకు తుప్పలు ఎక్కువ, అటు పోకుండనే మలిగిండ్రు. మా బా వెనకాలే నడిచిండు కానీ ఏం అడగలె. ఏమని అడుగుతడు? ఆ ఫోన్‌లో ఏం కనపడ్తుందో ఆయనకు తెలవదు, నాకూ తెలవదు. వేలిముద్ర వేయమంటే వేసిండు. కాయితం మీద ఎకరం 12 గుంటలు వచ్చింది. మేం దున్నేది రెండెకరాలకు పైనే. "సర్కారు మిషను లెక్క, మనకేం ఎరుక" అన్నడు మా బా. ఆ మాట నాకు ఇప్పటికీ మర్లుతనే ఉంటది.

చట్టం మాత్రం మనకు ఎరుక లేదని చెప్పలేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆరో సెక్షన్ ప్రకారం హక్కుల పని మొదలుపెట్టే అధికారం గ్రామసభది. 2008 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్‌లో 12వ రూల్ చూడండి. అటవీ హక్కుల కమిటీ మనిషికి ముందుగ చెప్పి చేను కాడికి పోవాలె, అందరూ గుర్తుపట్టే ఆనవాళ్లు పెట్టి ఒక్కో చేనుకు మ్యాపు గీయాలె. 2012లో చేసిన సవరణ ఇంకో ముచ్చట చెప్పింది. శాటిలైట్ ఫొటోలు, టెక్నాలజీ మిగతా సాక్ష్యానికి తోడుగనే ఉండాలె, దాని బదులు పెట్టొద్దు. అంటే మ్యాపు గీసే బాధ్యత మన ఊరి కమిటీదే. కానీ మన కమిటీలో మ్యాపు గీయవచ్చినోళ్లు ఎంతమంది? గీయరాకపోతే గీసినదాని మీద సంతకం పెట్టుడే మిగుల్తది.

మన అడవిని బయటోళ్లు కొలుచుడు కొత్త కాదు. ఎత్తైన శిఖరానికి పేరు పడ్డ జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్‌లో లాంబ్టన్ సర్వేలో చేరిండు. తర్వాతి ఏడు ఆయన్ను కృష్ణా, గోదావరి నడుమ ఉన్న అడవుల్లోకి పంపిండ్రు. వానకాలంల గుట్ట మీది నుంచి గుట్ట మీదికి థియోడలైట్‌తోని గురి చూసుకుంట పోతే ఆయనకు, ఆయన మనుషులకు అడవి జ్వరం తగిలింది. ఆయన కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పోవాల్సి వచ్చింది. ఆయన పేరు శిఖరానికి ఉన్నది. దారి చూపినోళ్లు, గురికి అడ్డమొచ్చిన చెట్లు కొట్టినోళ్లు ఎవరో మనం చదివిన పాఠాల్లో లేదు. రెండు వందల ఏండ్లయినా మనం ఇంకా దారి చూపేకాడనే ఉన్నం.

పోయిన దసరా సెలవులకు ఒక చిన్న కాంపస్ కొనుక్కుని ఇంటికి పోయిన. మా బా, నేను, తమ్ముడు చేను కాడికి పోయినం. పద్ధతి కష్టమేం కాదు. ఒక మూలన నిలబడి తర్వాతి మూలను గురి చూసి అంకె రాసుకోవాలె. ఆ మూల దాకా తాడుతోని దూరం కొలవాలె. అక్కడి నుంచి ఇంకో మూల. అట్ల తిరిగి మొదటి మూలకు రావాలె. మేం 33 ఫీట్ల తాడు కట్టుకున్నం. ఎందుకంటే 33 ఫీట్లు పొడుగు, 33 ఫీట్లు వెడల్పు ఉంటే ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. గ్రాఫ్ కాయితం మీద గళ్లు లెక్కపెట్టినా విస్తీర్ణం వస్తది.

మొదటిసారి తప్పింది. గీత గీస్తే మొదటి మూలకు కలవలె, నలభై ఫీట్ల దూరంల పడ్డది. ఎందుకా అని చూస్తే మా బా భుజం మీద గొడ్డలి ఉన్నది, ఆయన నా పక్కనే నిలబడ్డడు. ఇనుము దగ్గరుంటే సూది పక్కకు గుంజుకుంటది. గొడ్డలి, కొడవలి, ఫోన్, మోటర్ సైకిల్, కరెంటు తీగలు అన్నీ దూరం ఉండాలె. మన పక్కనే ఉన్న బయ్యారంల ఇనుప ఖనిజం ఉన్నది కదా, అటువంటి గుట్టల కాడ ఇంకా జాగ్రత్త. సూదిని పరీక్షించే ఉపాయం ఉన్నది. ఇక్కడి నుంచి అక్కడికి ఎంత వచ్చిందో చూసి, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి చూడాలె. రెండింటి తేడా సరిగ్గా 180 రావాలె. రాకపోతే చూసుడన్నా తప్పింది, దగ్గర ఇనుమన్నా ఉన్నది. తప్పు చిన్నదని వదిలేయొద్దు. ఒక్క డిగ్రీ తప్పితే నూరు మీటర్లకు మీటరు ముప్పావు పక్కకు పోతది.

రెండోసారి గొడ్డలి చెట్టు కింద పెట్టి నడిచినం. ఈసారి గీత దాదాపు కలిసింది. లెక్క రెండెకరాల 14 గుంటలు వచ్చింది.

ఇండ్ల నాకు కాంపస్ కంటె పెద్ద ముచ్చట ఇంకోటి తెలిసింది. ఏ మూల ఎక్కడుందో నాకు తెలవదు. మా బాకు తెలుసు. ఇప్ప చెట్టు, పాము పుట్ట, తెల్ల బండ, వాగు మలుపు అని ఒక్కొక్కటి చూపించుకుంట పోయిండు. నేను అంకెలు రాసిన, ఆయన ఆనవాళ్లు చెప్పిండు. రూల్స్ అడిగేది కూడా గవే ఆనవాళ్లు. చదువుకున్న పిల్లలం ఒక్కలమే పోతే ఇది కాదు, పెద్దోళ్లు ఒక్కలే పోయినా కాదు.

కొంతమంది దోస్తులు "ఫోన్‌ల జీపీఎస్ ఉన్నది, ఇంక కాంపస్ ఎందుకు?" అన్నరు. ఫోన్ వద్దని నేను అనను, అది కూడా నేర్చుకోవాలె. కానీ దట్టమైన చెట్ల కింద సిగ్నల్ చెదిరి ఫోన్ చుక్క అటూఇటూ దుంకుతది. చార్జింగ్ అయిపోతది. అన్నిటికంటె ముఖ్యం, ఫోన్ లెక్క ఎట్ల చేసిందో మా బాకు చూపించలేను. కాంపస్, తాడు పట్టుకుంటే ప్రతి అడుగు ఆయన కండ్ల ముందే అయితది. తప్పయితే ఎక్కడ తప్పయిందో ఆయనే చెప్తడు. గొడ్డలి సంగతి ఒక్కసారి చెప్తే మల్ల ఆయనే నన్ను హెచ్చరించిండు.

అబద్ధం చెప్పను. నేను గీసిన కాయితానికి ఆఫీసుల చెల్లుబాటు లేదు. మా కాయితం మీద ఇప్పటికీ ఎకరం 12 గుంటలే ఉన్నది. మళ్లీ కొలవమని దరఖాస్తు పెట్టినం, ఇంకా ఏం తేలలె. కానీ ఇంతకుముందు "మాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే అనేటోళ్లం. ఇప్పుడు "మూడో మూల నుంచి నాలుగో మూలకు పోలేదు, వాగు వైపు ముక్క మొత్తం విడిచిపెట్టిండ్రు" అని గీత మీద వేలు పెట్టి చూపిస్తున్నం. అడిగే తీరు మారింది. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల లోపల సబ్ డివిజనల్ కమిటీకి అప్పీలు పెట్టాలె. గా 60 రోజులల్ల చేతిలో మన సొంత గీత ఉండుడు వేరు, ఉత్త చేతులతోని పోవుడు వేరు. మాకు ఆ సంగతి ఆలస్యంగ తెలిసింది. మీకు ఆలస్యం కావొద్దని రాస్తున్న.

అందుకే మూడు మాటలు అడుగుత. ఒకటి, సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక పెద్దమనిషిని తోలుకుని మీ చేను ఒక్కటన్నా గీయండి. రెండు, సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులను ఆన్‌లైన్‌ల ఇస్తున్నది. మీ ఊరిది తీసుకుని, అందులో మీ వాగు, మీ గుట్ట ఉన్నయా చూడండి. ఆ మ్యాపుల ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మూడు, మీరు గీసింది ఇంట్ల దాచిపెట్టొద్దు, గ్రామసభ ముందట పెట్టండి.

ఎన్‌సీసీలో, సివిల్ డిప్లొమాలో ఉన్నోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మనం ఒక ఆదివారం గార్లలో కలుద్దాం. పాకాల ఏరు పొంగితే మా దిక్కు రాకపోకలు బందైతయి, కాబట్టి వానలు పోయినంక పెట్టుకుందాం. కాంపస్ నేను తెస్త. తాడు మీరు తెండి. వచ్చేటప్పుడు మీ బానో, బాపునో, తాతనో తప్పకుండ తోలుకురాండి. గొడ్డలి మాత్రం ఇంట్లనే పెట్టి రమ్మనండి.