చీలమండ ఒక్కడిది... నొప్పి లక్షమందిది!

ఓ ఊరి జనాభా 1,13,934. ఆ ఊళ్లో ఓ శనివారం ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు 1,13,090. అచ్చుతప్పు కాదు, రెండు లెక్కలూ నిజమే, రెండూ 2010 నాటివే. ఊరి పేరు యాన్‌ ఆర్బర్‌. అమెరికాలోని మిషిగన్‌ రాష్ట్రంలో ఉంది. పోనీ ఆ రోజు మైదానంలోకి దిగింది ఏ దేశం జట్టో అనుకునేరు... కాదు, కాలేజీ పిల్లలు!

ఆ చుట్టుపక్కల మనవాళ్లు తక్కువేం లేరు. కార్ల కంపెనీల్లో ఉద్యోగాలకని వెళ్లి కాంటన్‌, నోవై, ట్రాయ్‌ లాంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. 2015లో డెట్రాయిట్‌లోనూ 2025లో నోవైలోనూ తానా మహాసభలు జరిగాయి. అక్కడే పుట్టి పెరిగిన మనవడికి మన శనివారం రాత్రి ఫోన్‌ చేస్తే ‘తర్వాత మాట్లాడతా తాతయ్యా, మ్యాచ్‌ నడుస్తోంది’ అని పెట్టేస్తే మీరేమీ నొచ్చుకోకండి. అక్కడ అది పండగ పూట.

ఆ పండగలో ఓ ఏడాది పెద్ద గొడవ జరిగింది. 2010లో మిషిగన్‌ విశ్వవిద్యాలయం జట్టు డిఫెన్స్‌ కుప్పకూలింది. ఎందుకు కూలిందన్నదానిమీద అభిమానులు అప్పుడు మొదలుపెట్టిన వాదన ఇప్పటికీ తెమల్లేదు. దెబ్బలు తగిలాయి కాబట్టి ఓడామా... చేతకాక ఓడి దెబ్బలమీదకి నెట్టామా?

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో. ఫుట్‌బాల్‌ అన్నామని మెస్సీనీ రొనాల్డోనీ తలచుకోకండి. ఈ బంతి పీచు తియ్యని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. తన్నేది తక్కువ, పట్టుకుని పరిగెత్తేదీ చేత్తో విసిరేదీ ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళితే ఇంకో నాలుగు, లేదంటే బంతి అవతలివాళ్లది. మన కబడ్డీలో కూతకెళ్లొచ్చినవాడే వెనక్కొచ్చి పట్టుకి నిలబడతాడు. ఇక్కడలా కాదు. దాడికి పదకొండుమంది వేరు, అడ్డుకోవడానికి పదకొండుమంది వేరు. ఆ అడ్డుకునే దళమే డిఫెన్స్‌. అందులో కార్నర్‌బ్యాక్‌ అని ఒకడుంటాడు. మైదానం అంచున, అవతలి జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడి వెంట ఒంటరిగా కాపలా తిరగాలి. అతను ఒక్క అడుగు వెనకబడితే చాలు, వెనక ఇంకెవరూ ఉండరు... ఆరు పాయింట్లు సమర్పయామి!

2010 ఆగస్టులో, ఇంకా ఒక్క మ్యాచ్‌ కూడా మొదలవకముందే, సాధనలో ట్రాయ్‌ వూల్ఫోక్‌ చీలమండ విరిగి పక్కకి తొలిగిపోయింది. జట్టులో అనుభవమున్న కార్నర్‌బ్యాక్‌ అతనే. వాళ్ల నాన్న బుచ్‌ వూల్ఫోక్‌ కూడా ఒకప్పుడు ఇదే జట్టుకి ఆడి పేరు తెచ్చుకున్నవాడు. మరో మంచి కార్నర్‌బ్యాక్‌ డొనోవన్‌ వారెన్‌ చదువు మధ్యలో ఆపేసి ఆ ఏడాదే వృత్తి ఆటగాళ్ల ఎంపికకి వెళ్లాడు. పాపం, అక్కడా ఎవరూ ఎంచుకోలేదు. ఇక మిగిలినవాళ్లలో ఎక్కువమంది నిన్నమొన్నటిదాకా హైస్కూల్లో ఆడినవాళ్లే. వాళ్లలో కోర్ట్నీ ఏవరీ అనే కుర్రాడైతే హైస్కూల్లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌. ఇప్పుడు విసిరిన బంతిని ఆపమన్నారు. పెళ్లికొడుకుని తీసుకెళ్లి వంటశాలలో నిలబెట్టినట్టు!

ఇంత జరిగినా జట్టు మొదటి ఐదు మ్యాచ్‌లూ గెలిచింది. కారణం డెనార్డ్‌ రాబిన్సన్‌. నోటర్‌డేమ్‌మీద అతనొక్కడే పరిగెత్తి 258 గజాలు, విసిరి 244 గజాలు సాధించాడు. ఆ డిఫెన్స్‌ని నడిపించే కోచ్‌ పేరు కూడా రాబిన్సనే... గ్రెగ్‌ రాబిన్సన్‌. చుట్టరికం ఏమీ లేదు. ఈ రాబిన్సన్‌ సంపాదించి తెచ్చిందంతా ఆ రాబిన్సన్‌ దళం ఊరికి పంచిపెట్టేది, అంతే సంబంధం.

అక్టోబరు వచ్చేసరికి పంపకం మరీ జోరెక్కింది. మిషిగన్‌ స్టేట్‌ చేతిలో 34-17, అయోవా చేతిలో 38-28, పెన్‌ స్టేట్‌ చేతిలో 41-31... వరసగా మూడు ఓటములు. మధ్యలో నిలబడి అవతలివాళ్లని తోసే బలశాలి మైక్‌ మార్టిన్‌కీ చీలమండ బెణికింది. నవంబరు మొదట్లో ఇంకో కార్నర్‌బ్యాక్‌ జేటీ ఫ్లాయిడ్‌ చీలమండ పోయి ఆ ఏడాదికి ఆట ముగించాడు. ఒకే జట్టులో ఇన్ని చీలమండలా అని ఎవరికైనా అనుమానం రావాల్సిందే. మన ఊళ్లో అయితే ఈపాటికి దిష్టి తీయించేవాళ్లు.

మ్యాచ్‌ రోజున స్టేడియం ఎదురుగా ఉన్న గోల్ఫ్‌ మైదానం కార్లతో నిండిపోతుంది. డిక్కీలు తెరిచి, బొగ్గుల పొయ్యిలమీద మాంసం కాలుస్తూ, నీలం పసుపు చొక్కాలతో కుటుంబాలకు కుటుంబాలు పొద్దుటినుంచే చేరతాయి. తిండి సగం, వాదన సగం.

‘వూల్ఫోక్‌ ఉంటే ఇలా అయ్యేదా?’ అనేది ఒక వర్గం. వాళ్ల వాదనలో పస లేకపోలేదు. కాపలా ఉండేవాళ్లు పిల్లకాయలైతే వాళ్లకు సాయంగా ఇంకొకరిని వెనక్కి పంపాలి. అలా పంపితే ముందు వరసలో ఒకరు తగ్గుతారు. అక్కడ తగ్గితే పరుగుతో తొక్కేస్తారు. విస్కాన్సిన్‌ సరిగ్గా అదే చేసింది. 357 గజాలు పరిగెత్తే సాధించి 48-28తో గెలిచింది. అంటే దెబ్బ తగిలింది అంచున, నొప్పి పుట్టింది నడుమన. దుప్పటి చిన్నదైతే తల కప్పితే కాళ్లు బయటపడతాయి కదా!

రెండో వర్గం కోచ్‌లమీద పడింది. ప్రధాన కోచ్‌ రిచ్‌ రోడ్రిగెజ్‌ వెస్ట్‌ వర్జీనియా నుంచి వచ్చినవాడు. అక్కడ తన డిఫెన్స్‌ ముందు ముగ్గురు, మధ్యలో ముగ్గురు, వెనక అయిదుగురితో ఆడేది. దాన్ని 3-3-5 పద్ధతంటారు. ఆ విద్య తెలిసిన జెఫ్‌ కాస్టీల్‌ మాత్రం ఆయనతోపాటు రాలేదు. గ్రెగ్‌ రాబిన్సన్‌ సామాన్యుడేమీ కాదు, డెన్వర్‌ బ్రాంకోస్‌ రెండుసార్లు సూపర్‌బౌల్‌ గెలిచినప్పుడు అక్కడి డిఫెన్స్‌ ఆయనదే. కానీ అది వేరే పద్ధతి. వీణ విద్వాంసుడిని పిలిచి నాదస్వరం చేతికిచ్చినట్టయిందని ఈ వర్గం బాధ. తెలియని పద్ధతి, తెలియని పిల్లలు!

మూడో మాట తక్కువమంది అన్నారుగానీ ఆలోచించదగ్గది. డెనార్డ్‌ దాడి మెరుపు వేగం. రెండు నిమిషాల్లో పాయింట్లు కొట్టి వచ్చేసేవాడు. దాంతో నీళ్లు తాగి కూర్చున్న డిఫెన్స్‌ మళ్లీ లేవాలి. ఇండియానాతో మ్యాచ్‌లో అరవై నిమిషాల ఆటకిగాను నలభైకి పైగా బంతి ఇండియానా చేతిలోనే ఉంది. మిషిగన్‌ 42-35తో గెలిచిందిగానీ ఆ పిల్లల కాళ్లు ఏమై ఉంటాయో ఊహించుకోండి.

ఈ మూడు వర్గాలూ ఏకమైన రోజు ఒకటుంది. నవంబరు 6, ఇలినాయ్‌తో మ్యాచ్‌. మామూలు సమయానికి 45-45. ఒకసారి అదనపు ఆట, రెండోసారి, మూడోసారి... చివరికి 67-65. రెండు జట్లూ కలిపి 132 పాయింట్లు. ఆ పోటీల చరిత్రలో అంతకుముందు అంత స్కోరు లేదు. మిషిగన్‌ గెలిచింది. 65 పాయింట్లు ఇచ్చిన డిఫెన్సే ఆఖరి ప్రయత్నాన్ని ఆపి గెలిపించింది. జనం గంతులేశారు. ఇంటికెళ్లే దారిలో మళ్లీ మొదలు... ‘అరవై అయిదా!’

మనకు తెలియని బాధేం కాదు

2011లో లార్డ్స్‌ టెస్టు మొదటి రోజే జహీర్‌ ఖాన్‌ తొడ కండరం పట్టేసి వెళ్లిపోయాడు. తర్వాత ఏమైందో తెలిసిందే, 4-0. ‘జహీర్‌ ఉంటేనా...’ అని ఆ సిరీస్‌ అంతా టీకొట్ల దగ్గర విన్నాం. అదే 2021 జనవరిలో బ్రిస్బేన్‌ చూడండి. బుమ్రా లేడు, షమీ లేడు, అశ్విన్‌ లేడు, జడేజా లేడు. మన హైదరాబాద్‌ సిరాజ్‌ మూడో టెస్టు ఆడుతూ బౌలింగ్‌కి పెద్దదిక్కయ్యాడు. ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియాని వాళ్ల కోటలోనే కొట్టారు. మరి దెబ్బలు సాకా, నిజమా? రెండు ఉదాహరణలూ మనవే, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవచ్చు. నాకు తోచిందేమంటే, దెబ్బ తగలడం దురదృష్టం. దెబ్బ తగిలినవాడి వెనక ఎవరూ లేకపోవడం మాత్రం ఎవరో ఒకరి నిర్వాకం. సిరాజ్‌ ఊరికే ఊడిపడలేదు, రంజీల్లో, ఇండియా ‘ఎ’ జట్టులో ఏళ్ల తరబడి అరిగినవాడు. మిషిగన్‌లో ఆ వరస ఖాళీగా ఉంది.

ఖాళీకి మూల్యం చెల్లించింది రోడ్రిగెజే. 2011 జనవరి 1న గేటర్‌ బౌల్‌లో మిసిసిపి స్టేట్‌ చేతిలో 52-14తో చిత్తయ్యారు. అయిదో తేదీకల్లా ఉద్యోగం పోయింది. మూడేళ్లలో 15 గెలుపులు, 22 ఓటములు. ఒప్పందం ప్రకారం పరిహారంగా 25 లక్షల డాలర్లు ముట్టజెప్పారనుకోండి. అదే మైదానంలో నలిగిన పిల్లలకు చదువు ఖర్చులూ వసతీ తప్ప పైసా లేదు. అప్పటి నిబంధన అది. పద్దెనిమిదేళ్ల వాడు తప్పటడుగు వేస్తే లక్షమంది ‘హయ్యో’ అంటారు. మర్నాడు పొద్దున వాడు వాళ్లలో కొందరి పిల్లల పక్కనే క్లాసులో కూర్చోవాలి. కాలేజీ ఆటలో ఉన్న మమకారమూ క్రూరత్వమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

తర్వాతి ఏడాది కథ వింటే రెండో వర్గం మీసం మెలేస్తుంది. కొత్త ప్రధాన కోచ్‌ బ్రాడీ హోక్‌, బాల్టిమోర్‌ రేవెన్స్‌ నుంచి డిఫెన్స్‌ కోచ్‌గా గ్రెగ్‌ మాటిసన్‌ని రప్పించాడు. ఆటగాళ్లు చాలావరకు పాతవాళ్లే. 2010లో మ్యాచ్‌కి సగటున 35.2 పాయింట్లు ఇచ్చినవాళ్లు 2011లో 17.4 ఇచ్చారు. సగానికి సగం! పదమూడు మ్యాచ్‌ల్లో 11 గెలిచి, షుగర్‌ బౌల్‌ కూడా పట్టుకొచ్చారు.

‘చూశారా, కోచే!’ అన్నారు వీళ్లు. ‘ఆగండాగండి’ అన్నారు మొదటి వర్గంవాళ్లు. వూల్ఫోక్‌ తిరిగొచ్చాడు, ఫ్లాయిడ్‌ తిరిగొచ్చాడు, మార్టిన్‌ కాలు బాగయింది, పిల్లలకు ఏడాది అనుభవం వచ్చింది, అవతలివాళ్లు జారవిడిచిన బంతులు చాలావరకు మనవాళ్ల చేతిలోనే పడ్డాయి... ఇందులో కోచ్‌ వాటా ఎంత? దానికీ జవాబుంది. ఆ ఏడాది మధ్యకొచ్చేసరికి బ్లేక్‌ కౌంటెస్‌ అనే కుర్రాడు కార్నర్‌బ్యాక్‌గా స్థిరపడ్డాడు. మొదటి ఏడాది విద్యార్థే. కొత్తవాడు ఆడినా డిఫెన్స్‌ కూలలేదు. నన్నడిగితే ఈ ఒక్క సాక్ష్యంతో తూకం కోచ్‌ల వైపు కాస్త మొగ్గుతుంది. పూర్తిగా కాదు.

వాదనలో పడి జనం మరిచిపోయే ఇద్దరి గురించి చెప్పాలి. జోర్డన్‌ కోవాక్స్‌ స్కాలర్‌షిప్‌ లేకుండా, నన్నూ చూడండని పరీక్షకొచ్చి జట్టులో చేరినవాడు. ‘ఇలాంటివాడు ఆడాల్సి వచ్చిందంటే మన గతి చూడండి’ అన్న ఈసడింపు అతనికి కొత్త కాదు. 2012కి అదే జట్టుకి కెప్టెన్లలో ఒకడయ్యాడు, తర్వాత వృత్తి ఆటలోనూ ఆడాడు. రెండోవాడు మన ‘వంటశాల పెళ్లికొడుకు’ ఏవరీ. 2011 నవంబరు 26న బద్ధశత్రువు ఒహాయో స్టేట్‌తో మ్యాచ్‌. మైదానంలో వాళ్లని ఓడించి అప్పటికి ఎనిమిదేళ్లయింది. 40-34తో ముందున్నారు, బంతి అవతలివాళ్ల చేతిలో ఉంది. ఒక్క టచ్‌డౌన్‌ పడితే అంతా పోతుంది. అవతలివాడు విసిరిన బంతిని గాల్లోనే ఒడిసిపట్టి మ్యాచ్‌ ముగించింది ఈ ఏవరీనే.

మిషిగన్‌ ఆ తర్వాత చాలా దూరం వచ్చింది. 2023 సీజన్‌లో దేశంలోనే మేటి డిఫెన్స్‌ అనిపించుకుని, 2024 జనవరిలో జాతీయ విజేతగా నిలిచింది. ఇప్పుడు ఆటగాళ్లకి డబ్బూ ఇస్తున్నారు, ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి మారడమూ తేలికైంది. వెనక వరస ఖాళీ అయితే వచ్చే ఏడాదికి బయటినుంచి అనుభవజ్ఞుల్ని తెచ్చుకోవచ్చు. 2010లో అది అంత తేలిక కాదు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. అప్పట్లో ఎవరికి దెబ్బ తగిలిందో కోచ్‌లు సరిగ్గా చెప్పేవాళ్లు కాదు. అభిమానులే సాధనలో ఎవరు కుంటారో చూసి, కట్టు ఏ కాలికుందో చూసి ఊహించుకునేవాళ్లు. 2023 నుంచి ఆ పోటీల్లో మ్యాచ్‌కి రెండు గంటల ముందు ఎవరు ఆడతారో, ఎవరు ఆడరో జాబితా ప్రకటించాల్సిందే. సరిగ్గా గోల్ఫ్‌ మైదానంలో పొయ్యిలు రాజుకునే వేళకి అది చేతికొస్తుంది. చదివినవాడు పక్క కారువైపు తిరిగి అడిగే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు... ‘కార్నర్‌బ్యాక్‌లు అందరూ ఉన్నారా?’