తన పాటకు తానే ప్రతివాది

అమెరికా రాక్ సంగీతంలో 'క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్' బృందానిది విశిష్ట స్థానం. 1969లో వారు మూడు ఆల్బములు వెలువరించారు. వాటిలో 'గ్రీన్ రివర్', మరుసటి ఏటి 'కాస్మోస్ ఫ్యాక్టరీ' తప్పక వినదగినవి. వియత్నాం యుద్ధకాలంలో సంపన్నుల బిడ్డలకు మాత్రమే దక్కిన వెసులుబాటును నిలదీసిన 'ఫార్చునేట్ సన్' వారి పాటలలో మేటి.

ఈ పాటను, వారి ఇతర ప్రసిద్ధ గీతాలను రచించినవాడు గాయకుడు జాన్ ఫోగర్టీ. హక్కులు మాత్రం రికార్డుల సంస్థవి. ఆయన 1985 నాటి పాట, 'కాస్మోస్ ఫ్యాక్టరీ'లోని తన పాటకే అనుకరణ అని ఆ సంస్థ దావా వేసింది! న్యాయస్థానంలో గిటారు వాయించి చూపి, 1988లో ఆయన గెలిచాడు. పాత పాటల హక్కులలో అధిక వాటా 2023లో గాని ఆయనకు దక్కలేదు.

పాటను అమ్మవచ్చును, పాడే తీరును అమ్ముట ఎవరి తరము?