కాపురం కథ కాదు, పాట వినండి

సోనిక్ యూత్ చివరి ఆల్బమ్ ‘ది ఎటర్నల్’ గురించి నా కంటబడ్డ రాతల్లో చాలావాటికి ఒకటే గొడవ. ఆ భార్యాభర్తలకి అప్పటికే చెడిందా? ఏ పాటలో ఆ సంగతి బయటపడుతోంది? నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సోనిక్ యూత్ 1981లో న్యూయార్క్‌లో మొదలైన రాక్ బృందం. గిటార్ తీగల శృతిని ఇష్టమొచ్చినట్టు మార్చేసి, రొదనీ రాగాన్నీ విడదీయలేనట్టు వాయించారు. అందులో కిమ్ గోర్డన్, థర్‌స్టన్ మూర్ 1984లో పెళ్ళి చేసుకున్నారు. ‘ది ఎటర్నల్’ 2009 జూన్‌లో వచ్చింది. విడిపోతున్నట్టు లోకానికి తెలిసింది 2011 అక్టోబర్‌లో. మరుసటి నెల బ్రెజిల్‌లో ఆఖరి కచేరీ. అంటే, రెండేళ్ళ తర్వాత తెలిసిన సంగతిని పట్టుకుని వెనక్కెళ్ళి పాటల్లో కన్నీళ్ళు వెతుకుతున్నారన్నమాట!

సరే, ఆల్బమ్‌లో ఏముందో చూడండి. మొదటి పాట ‘సేక్రెడ్ ట్రిక్‌స్టర్’లో కిమ్ గొంతు. చివరి పాట ‘మసాజ్ ద హిస్టరీ’, దాదాపు పది నిమిషాలు, అదీ ఆమె గొంతే. ఏళ్ళ తరబడి బేస్ వాయించిన మనిషి, ఇందులో ఆ పని మార్క్ ఐబోల్డ్ అందుకుంటే తను గిటార్ పట్టింది. బ్యాండ్‌లో ఆడదానిగా ఎలా ఉంటుందంటూ విలేఖరులు అడిగీ అడిగీ అరగదీసిన ప్రశ్నని మొదటి పాటలోనే వాళ్ళ మొహాన తిప్పికొట్టింది. 2015లో వచ్చిన ఆత్మకథ ‘గర్ల్ ఇన్ ఎ బ్యాండ్’కి పేరూ అక్కడిదే. అప్పటికామెకి 56 ఏళ్ళు. ఇదంతా వదిలేసి మొగుడెప్పుడు మోసం చేశాడని లెక్కలా?

ఇదేదో అమెరికా జబ్బనుకోకండి. ప్రజానాట్యమండలిలో పాడి, నాటకాలాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చాక ఓ సభలో కూర్చున్నాను. గంటసేపు సీతారామయ్య గురించే. ఎందుకు వదిలేశాడు, ఆమె క్షమించిందా లేదా. ఆమె ఏం పాడేది, ఎలా పాడేదని అడిగితే “అదిప్పుడు ముఖ్యమా మేడమ్?” అన్నారు. అన్నదీ ఆడమనిషే.

‘వ్యక్తిగతం కూడా రాజకీయమే’ అన్నది మనమే కదా అంటుంది నా స్నేహితురాలు. అన్నాం. ఇప్పుడూ అంటాను. తనకి జరిగిన ద్రోహం గురించి కిమ్ తనే దాచకుండా రాసింది. ఆమె రాసుకోవడం వేరు, ఆమె పాటని ఆ ద్రోహానికి సాక్ష్యంగా మాత్రమే వినడం వేరు. అదే ఆల్బమ్‌లో థర్‌స్టన్ పాటలూ ఉన్నాయి. వాటి దగ్గరికొచ్చేసరికి గిటార్ గురించి రాయడం అందరికీ గుర్తొస్తుంది.

మా పెనుగొండలో వాసవి కథ తెలియని పిల్లలుండరు. రాజుని చేసుకోనని ఆ పిల్ల చెప్పిన మాట దగ్గర కాసేపైనా ఆగకుండా, చెప్పేవాళ్ళు గబగబా అగ్నిగుండం దగ్గరికి వెళ్ళిపోతారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

అసలు ‘చివరి ఆల్బమ్’ అన్న మాటతోనే నాకు పేచీ. చివరిది బృందానికి. కిమ్ తన మొదటి సొంత ఆల్బమ్ ‘నో హోమ్ రికార్డ్’ 2019లో, 66 ఏళ్ళ వయసులో తెచ్చింది. 2024లో ‘ది కలెక్టివ్’. కోటేశ్వరమ్మ పుస్తకం వచ్చింది తొంభై దాటాక.

ఆ పది నిమిషాల పాటలో ఆమె గొంతు ఏం చేస్తోందో ఎవరైనా రాయండి. సంగీతం తెలిసినవాళ్ళు ఆ గిటార్ల శృతి గురించి రాయండి. విడాకుల గురించి రాసింది మాత్రం నాకు పంపొద్దు.