సరిహద్దు మారింది.. పసిడి గని అటువైపే మిగిలింది

ఆలంపూర్: కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ విస్తరించిన రాయచూరు అంతర్వేదికి తూర్పు కొస ఆలంపూర్. 1956 వరకు ఆలంపూర్, గద్వాల తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో భాగంగా ఉండేవి. ఆ ఏడాది నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఈ రెండు తాలూకాలను మహబూబ్‌నగర్ జిల్లాలో కలిపారు. హట్టి బంగారు గని ఉన్న లింగసుగూరు ప్రాంతం నాటి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. పటంపై గీత మారినంత మాత్రాన భూమి లోపలి రాయి మారదు కదా! అటువైపు పసిడి దొరికినప్పుడు ఇటువైపు ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం భూగర్భశాస్త్రంలో కొంత, చరిత్రలో కొంత, మార్కెట్టు ధరలో మరికొంత ఉంది.

హట్టి, మస్కి గ్రామాల మీదుగా సాగే షిస్టు రాళ్ల పట్టీకి తూర్పున గద్వాల షిస్టు పట్టీ ఉంది. ఇది గద్వాల ప్రాంతం నుంచి తుంగభద్రను దాటి కర్నూలు వైపు సాగుతుంది. రెండూ 250 కోట్ల ఏళ్లకు పైబడినవే. నీటి అడుగున పొంగిన లావా గడ్డకట్టి, అనంతర కాలంలో ఒత్తిడికి, వేడికి లోనై నలిగి ఈ రాళ్లు ఏర్పడ్డాయి. నలిగిన చోట పడిన పగుళ్ల గుండా లోతుల నుంచి వేడి ద్రవాలు పైకి వచ్చాయి. అవి చల్లారినచోట పలుగురాయి, దానితోపాటు కొన్నిచోట్ల బంగారం పేరుకున్నాయి. 'కొన్నిచోట్ల' అన్న మాటే కీలకం. పొలం గట్టున తెల్లగా మెరిసే ప్రతి పలుగురాయిలోనూ పసిడి ఉండదు. దక్షిణ భారతంలో బంగారానికి ప్రధాన ఆధారం ఈ ధార్వార్ శిలలేనని భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880వ దశకంలోనే గుర్తించారు.

ఆయనకంటే దాదాపు రెండు వేల ఏళ్ల ముందే ఆ సంగతి తెలిసినవారు ఉన్నారు. హట్టిలో పూర్వులు తవ్విన సొరంగాలు సుమారు 640 అడుగుల లోతుకు చేరాయి. వాటిలో దొరికిన కర్రకు జరిపిన కార్బన్ పరీక్షలు ఆ కాలాన్నే సూచించాయి. మందుగుండు లేని రోజుల్లో రాతికి ఆనించి మంటపెట్టి, కాలిన రాతిపై నీళ్లు చల్లి పగులగొట్టేవారు. ముడి రాయిని బండలపైనే దంచి, నూరి, కడిగి బంగారాన్ని వేరుచేసేవారు. పంపులు లేని కాలంలో అంత లోతున ఊరే నీటిని ఎలా తోడారన్నది నేటి ఇంజినీర్లనూ ఆలోచింపజేస్తుంది. అశోకుని పేరు స్పష్టంగా ఉన్న మస్కి శాసనాన్ని 1915లో కనుగొన్న బీడన్ కూడా బంగారం వెదుకుతూ వచ్చిన ఇంజినీరే. మౌర్యుల దక్షిణ రాజధాని సువర్ణగిరి కర్నూలు జిల్లా జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల వాదన. సమీపంలోని ఎర్రగుడిలోనూ అశోకుని శాసనాలు ఉన్నాయి.

ఆధునిక యుగంలో ఈ పాత గోతులే కంపెనీలకు దారి చూపాయి. 1886లో నిజాం ప్రభుత్వం నుంచి గనుల హక్కులు పొందిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ వ్యవహారం లండన్‌లో పెద్ద కుంభకోణమై 1888లో పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. సింగరేణి బొగ్గు తవ్వకాలకు శ్రీకారం చుట్టిందీ ఈ కంపెనీయే. రాయచూరు ప్రాంతంలో మొదట వందల్లి, తరువాత హట్టి గనులు నడిచాయి. 1920 నాటికి హట్టి కూడా మూతపడింది. అక్కడితో కథ ముగిసి ఉంటే అదీ పాడుబడిన గనుల జాబితాలో చేరేదే. అయితే నిజాం ప్రభుత్వం మళ్లీ పరిశోధన జరిపించింది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది. 1956 తరువాత అదే హట్టి గోల్డ్ మైన్స్‌గా మారి కర్ణాటక ప్రభుత్వ సంస్థగా కొనసాగుతోంది.

రాయలసీమలోని గనులకు ఆ అదృష్టం దక్కలేదు. అనంతపురం జిల్లాలో (ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా) రామగిరి కొండల్లో ఆంగ్లేయుల కాలంలో సాగిన తవ్వకాలు 1927లో ఆగాయి. ఆ తరువాత భారత్ గోల్డ్ మైన్స్ అక్కడ మళ్లీ పనులు చేపట్టినా 2001లో ఆ గనులూ మూతపడ్డాయి. తెలుగు కార్మికులు తరతరాలుగా పనిచేసిన కోలారు గనులు కూడా అదే ఏడాది ఫిబ్రవరి 28న ఆగిపోయాయి. కోలారులో తొలినాళ్లలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా వచ్చిన బంగారం చివరకు మూడు, నాలుగు గ్రాములకు పడిపోయింది. గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. రాయిని పైకి తేవడానికి, లోపల గాలి ఆడించడానికి అయ్యే ఖర్చు పెరిగింది. 2001లో అంతర్జాతీయ విపణిలో ఔన్సు ధర సగటున 271 డాలర్లు మాత్రమే. అదే ఔన్సు 2025 అక్టోబరులో 4 వేల డాలర్లు దాటింది. జొన్నగిరిలో ప్రైవేటు సంస్థ గని పనులకు దిగడం వెనుక ఉన్న లెక్క ఇదే. తొలకరి పడగానే జనం వజ్రాల కోసం పొలాలు వెదికే తుగ్గలి మండలంలోనే ఆ గని ఉండటం విశేషం.

కాబట్టి గద్వాల పట్టీ విషయంలో 'బంగారం ఉందా' అన్నది సగం ప్రశ్న మాత్రమే. టన్నుకు ఎన్ని గ్రాములు, ఎంత లోతున, ఎంత పొడవునా అన్నవి బోర్లు వేసి నమూనాలు పరీక్షిస్తేగాని తేలవు. 2023లో సవరించిన గనుల చట్టం బంగారం వంటి లోతు ఖనిజాల అన్వేషణకు ప్రత్యేక లైసెన్సు విధానం తెచ్చింది. అన్వేషణ నుంచి తవ్వకం దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా పుకార్లతో భూముల ధరలు పెరగడం, రైతులు తొందరపడి అమ్ముకోవడం జరిగితే నష్టపోయేది స్థానికులే. శ్రీశైలం జలాశయంలో ఊళ్లను, పొలాలను పోగొట్టుకున్న ఆలంపూర్ ప్రాంతానికి భూసేకరణ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

నీటి సంగతీ ముందే తేల్చుకోవలసిందే. హట్టి ఖనిజంలో బంగారంతోపాటు ఆర్సెనిక్ కలిసిన ఆర్సెనోపైరైట్ ఉంటుంది. బంగారాన్ని వేరుచేసేందుకు సైనైడ్ వాడతారు. కోలారులో గనులు మూతపడి రెండు దశాబ్దాలు దాటినా 3 కోట్ల టన్నులకు పైగా వ్యర్థాలు దిబ్బలుగానే ఉన్నాయి. గద్వాలలో రేపు గని వచ్చినా ఆ దిబ్బలు పోసేది రెండు నదుల నడుమనే.

2015 చట్ట సవరణ ప్రకారం గనుల నుంచి వసూలయ్యే జిల్లా ఖనిజ నిధిని గని ప్రభావానికి లోనైన ప్రాంతాలకు ఖర్చు చేయాలి. హట్టి నుంచి వచ్చే ఆ నిధి రాయచూరు జిల్లాకే చేరుతుంది. 1956 వరకు అదే జిల్లాలో ఉన్న ఆలంపూర్‌కు అందులో వాటా లేదు.